యంత్రం గీసిన నా చిటికెనవేలు

నేను పనిచేసిన యానిమేషన్ స్టూడియోకి పోయిన ఆషాఢం నుంచి ఇప్పటిదాకా నాలుగు ఉత్తరాలు రాశాను. మొదటి రెండింటికి జవాబు లేదు. మూడోదానికి వచ్చింది. "మా సంస్థలో పనిచేయాలన్న మీ ఆసక్తికి ధన్యవాదాలు. మీ వివరాలు భద్రపరిచాం. తగిన ఖాళీ ఏర్పడినప్పుడు తప్పక సంప్రదిస్తాం" అని ఉంది అందులో. నేను రాసింది ఫిర్యాదు. దాన్ని వాళ్ళ యంత్రం ఉద్యోగ దరఖాస్తు అనుకుంది. అంటే మనిషన్నవాడు ఎవడూ చదవలేదు. నాలుగో ఉత్తరానికీ అదే జవాబు, ఒక్క కామా తేడా లేకుండా.

కాబట్టి ఇక్కడ రాస్తున్నాను. ఈ పనిలోకి కొత్తగా వస్తున్న పిల్లలు చదివితే చాలు. నాకు ఎప్పుడు ఏ హోదా ఇచ్చారో రాయను. ఇచ్చినవాళ్ళకే గుర్తులేదు. పని అంటే ఏమిటో, అందులో నేను చేసిన తప్పేమిటో, ఆ తప్పుని ఇప్పుడు ఎవరు ఎలా వాడుకుంటున్నారో రాస్తాను.

అద్దం

మాదాపూర్‌లో మా స్టూడియో తెరిచిన కొత్తల్లో బొమ్మలన్నీ కాగితం మీదే గీసేవాళ్ళం. గాజుపలక కింద దీపం, పలక మీద కాగితం, పక్కన అద్దం. ప్రతి బల్లమీదా ఒక అద్దం ఉండేది. చూడటానికి వచ్చినవాళ్ళు "ఏంటండీ, అందరూ అలంకారం చేసుకుంటారా?" అని నవ్వేవాళ్ళు. అద్దం మా పనిముట్టు. కోపంగా ఉన్న ముసలమ్మని గియ్యాలంటే ముందు మనం కోపంగా ఉన్న ముసలమ్మ అవ్వాలి. అద్దంలో చూసుకుని, పెదవి ఎటు వంగుతోందో గమనించి, అప్పుడు గియ్యాలి.

మా మొదటి దర్శకుడు పరాంకుశం గారు. పెద్దమనిషి అనలేను, నోరు మంచిది కాదు. నా మొదటి నడక బొమ్మలు చూసి, కట్టంతా పేకముక్కల్లా గిరగిరా తిప్పి, "ఇతను నడవడం లేదయ్యా, జారుతున్నాడు" అని బల్లమీద పడేశారు. పదిమంది ముందు. ఆ మాట ఇప్పటికీ మరిచిపోలేదు. మర్నాడు నన్ను లింగంపల్లి స్టేషన్‌కి పంపారు. రైలు దిగే జనాన్ని వారం రోజులు గీసుకురమ్మన్నారు. బుట్ట ఎత్తుకున్నవాళ్ళ కాలు ఎలా పడుతుంది, ఇంటర్వ్యూకి వెళ్ళేవాడి కాలు ఎలా పడుతుంది, ఇంటర్వ్యూ నుంచి వచ్చేవాడి కాలు ఎలా పడుతుంది. వారం తర్వాత కట్ట తిప్పి చూసి "ఊఁ" అన్నారు. పన్నెండేళ్ళు ఆయన కింద పనిచేస్తే నాకు దక్కిన మెప్పు అదొక్కటే. అయినా ఆయన కాగితం చూసేవారు. తర్వాత వచ్చినవాళ్ళు ఎవరూ చూడలేదు.

ఆయన మొదటి వారంలోనే చెప్పిన సూత్రం ఒకటుంది. "అద్దం చూసి గీశావా, కాగితం తిరగేసి సరిచూసుకో. అద్దంలో నీ ఎడమ చెయ్యి బొమ్మకి కుడి చెయ్యి అవుతుంది." ఇంతకంటే సులువైన సూత్రం మా వృత్తిలో లేదు. దాన్నే నేను తప్పాను.

డప్పు

పిల్లల కోసం ఒక జాతర కథల వరస చేశాం. అందులో డప్పు మల్లయ్య అనే పాత్ర పూర్తిగా నాది. నేను కోస్తా నుంచి వచ్చినవాణ్ణి. డప్పు చూశాను గానీ పట్టుకోలేదు. మా స్టూడియోలో వెనకదృశ్యాలు వేసే యాదగిరిది పుప్పాలగూడ. అక్కడ ఇంకా పొలాలు ఉన్న రోజుల్లో పుట్టినవాడు. అతని మేనమామ పేరున్న డప్పు కళాకారుడు. యాదగిరి మామని వెంటపెట్టుకుని స్టూడియోకి తెచ్చాడు. డప్పు ఉందని సెక్యూరిటీ వాళ్ళు ఆయన్ని గంటసేపు గేటు బయటే నిలబెట్టారు. లోపలికి వచ్చాక ఆయన ఒక్కమాట కూడా అనకుండా నా భుజానికి డప్పు తగిలించి పట్టు నేర్పాడు. డప్పు ఎడమ భుజానికి. కుడి చేతిలో పొట్టిగా లావుగా ఉండే సిర్ర, ఎడమ చేతిలో సన్నని పొడుగాటి పుల్ల. రెండు పూటలు కూర్చున్నాడు. టీ కూడా మేము గుర్తుపెట్టుకుని ఇవ్వలేదు. అదీ మరిచిపోలేదు.

ఆయన వెళ్ళాక అద్దం ముందు నిలబడి గీశాను. ఉత్సాహంలో కాగితం తిరగెయ్యడం మరిచాను. డప్పు మల్లయ్యకి డప్పు కుడి భుజానికి వచ్చింది. సిర్ర ఎడమ చేతిలోకి, సన్న పుల్ల కుడి చేతిలోకి పోయాయి.

ఇంకొకటి కూడా వచ్చింది. పదేళ్ళప్పుడు కబడ్డీలో నా ఎడమ చిటికెనవేలు విరిగింది. కట్టు కట్టినవాడు నిటారుగా పెట్టి కట్టాడు. అప్పటినుంచి అది మడతపడదు. గ్లాసు పట్టుకున్నా, పుల్ల పట్టుకున్నా, మిగతా నాలుగు వేళ్ళతో పోట్లాడి వేరుపడ్డట్టు విడిగా నిలబడే ఉంటుంది. అద్దంలో కనిపించింది కనిపించినట్టు గీసేవాణ్ణి కాబట్టి, డప్పు మల్లయ్య సన్న పుల్ల పట్టిన కుడి చేతికి కూడా ఆ వేలు నిలబడింది.

కదిలే బొమ్మ చూసి యాదగిరి అడిగాడు: "అన్నా, గీయన పుర్రచెయ్యోడా ఏంది?"

"అంటే?"

"ఎడమచేతి వాటపోడు గాకుంటె డప్పు గా భుజానికి ఎవడేస్తడే? మా మామ రెండు పూటలు కూసొని నేర్పిండు గద. జర మార్చన్నా. కాగితం తిర్లేసి గీస్తె అయిపాయె."

తిరగేసి గీస్తే అయిపోయేది. మూడు రోజుల పని. కానీ పదిమంది ముందు అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. "పిల్లలకి ఏ భుజమో తెలుస్తుందా? ఎవరు చూస్తారయ్యా?" అన్నాను. పరాంకుశం గారు అప్పటికి స్టూడియో వదిలేశారు. ఆయన ఉంటే నా కట్ట కిటికీలోంచి పోయేది. కొత్తగా ఎండీ అయిన చక్రధర్ గారు నావైపే నిలబడ్డారు. "సరిగ్గా చెప్పారు మూర్తి గారూ. ఎవరు చూస్తారండీ?"

చూసినవాడు ఉన్నాడు. యాదగిరి మామ టీవీలో చూశాడు. ఆ తర్వాత ఎన్నిసార్లు పిలిచినా మా గేటు తొక్కలేదు. చనిపోయేదాకా నన్ను "పుర్రచేతి పంతులు" అనే అన్నాడట. ఈ సంగతి యాదగిరి నాకు చాలా ఏళ్ళ తర్వాత చెప్పాడు. నేను అప్పుడు కూడా క్షమాపణ చెప్పలేదు. నా మీద పడ్డ మాటలన్నీ లెక్కగా గుర్తుంచుకునేవాణ్ణి, నేను వేసినవి కూడా రాయాలి కదా, రాశాను.

అట్టపెట్టెలు

తర్వాత కాగితం పోయింది, టాబ్లెట్లు వచ్చాయి. నేను వాటినీ తిట్టాను. గాజుమీద గీస్తే గీత జారుతుందని ఏడాది గొడవచేశాను. ఆ విషయంలో తప్పు నాదే. చెయ్యి అలవాటుపడింది. టాబ్లెట్‌లో గీసినా గీసేది నేనే. కనక ముసలాళ్ళకి ఏ కొత్తదీ పట్టదనే పాత పాట నా దగ్గర పాడొద్దు.

రిటైరవ్వడానికి రెండేళ్ళ ముందు చక్రధర్ గారు నన్ను పిలిచి కుర్చీ చూపించారు. ఆయన గదిలో నేను కూర్చోవడం అదే మొదటిసారి. అప్పుడే అనుమానం రావాల్సింది.

"గురువుగారూ, మీ చేతిపని అంతా స్టోర్ రూమ్‌లో చెదలు పట్టిపోతోందండీ. అంతా స్కాన్ చేయించి భద్రం చేద్దాం. రేపటి తరాలకి లెగసీ. కాకపోతే ఏ బొమ్మ ఏమిటో మీకు తప్ప ఎవరికి తెలుస్తుంది చెప్పండి?"

పొంగిపోయాను. అంతకాలం మన పేరు కూడా సరిగ్గా వేయనివాడు గురువుగారూ అంటే ఏమవుతుంది? స్టోర్ రూమ్‌లో అట్టపెట్టెల మధ్య నెలల తరబడి కూర్చున్నాను. ఒక్కో బొమ్మకీ నా చేతిరాతతో చీటీ అంటించాను. "ముసలాయన వానలో పరుగు, మోకాలు నొప్పి." "పిల్ల అబద్ధం చెబుతోంది, కళ్ళు నేలమీద." "డప్పు మల్లయ్య, ఊరేగింపు ముందు, సంతోషం." ఎవరైనా పిల్లలు చూసి నేర్చుకుంటారని వివరంగా రాశాను. తెలుగులో ఇలాంటి పాఠాలు ఎక్కడా లేవు.

పిల్లలెవరికీ ఆ పెట్టెలు చూపించలేదు. చెబితే బొమ్మ గీసిపెట్టే ఏఐ యంత్రానికి చూపించారు. దాన్ని ఒళ్ళో కూర్చోబెట్టుకుని వేలుపట్టి అక్షరాలు దిద్దించింది నేనే. జీతం తీసుకుని, పొగడ్తకి మురిసి, నా చేత్తో నేనే. కొత్తగా వచ్చేవాళ్ళు ఇది ముందు గుర్తుపెట్టుకోండి: ఎన్నడూ మీ పని చూడనివాడు ఒకరోజు మీ పనికి చీటీలు రాయమంటే, ఎవరికోసమని అడగండి.

చప్పట్లు

నేను వెళ్ళిపోయే నెలలో అందర్నీ పెద్ద హాల్లోకి పిలిచారు. తెరమీద యంత్రం. చక్రధర్ గారు "తెలంగాణ పల్లెలో పెళ్ళి" అని టైప్ చేశారు. మనం టీ తాగేలోపు బొమ్మ వచ్చింది. పెళ్ళికొడుకు ఏ రాజస్థాన్ రాజు తలపాగానో చుట్టుకున్నాడు. పందిట్లో విస్తళ్ళ ముందు ముళ్ళచెంచాలు. వెనక నిలబడ్డ ఎద్దుకి ఒక కొమ్ము చెవిలోంచి మొలిచింది. హాలంతా చప్పట్లు. కొమ్ముల సంగతి తెలిసినవాళ్ళు కూడా కొట్టారు, ఎందుకంటే చక్రధర్ గారు చూస్తున్నారు. నేను, యాదగిరి కొట్టలేదు.

"అలసట ఉండదు, సెలవు అడగదు, అలగదు" అన్నారాయన, నావైపు చూస్తూ.

అలసట లేనివాడికి ఎక్కడ ఆపాలో తెలీదు. అలగనివాడికి ఏది తప్పో పట్టింపు ఉండదు. ఇది నేను అక్కడ అనలేదు. మెట్లు దిగుతుంటే తట్టింది. అప్పటినుంచి ప్రతిరోజూ మనసులో అంటూనే ఉన్నాను.

వీడ్కోలు సభలో నాకు కంపెనీ ముద్ర వేసిన లాప్‌టాప్ సంచీ ఇచ్చారు. నాకు లాప్‌టాప్ లేదు. దాంట్లో ఇప్పుడు ఉల్లిపాయలు వేస్తున్నాం.

నవ్య తెచ్చిన ఫోను

బాచుపల్లిలో మా ఫ్లాటుకి పోయిన ఆషాఢం ముందు నవ్య వచ్చింది. సిద్దిపేట అమ్మాయి, నా దగ్గర రెండేళ్ళు పని నేర్చుకుంది. మంచి గీత. ఇప్పుడు వేరేచోట చేరింది కనకనే పేరు రాస్తున్నాను. అప్పటికి మా స్టూడియోలోనే ఉంది, కానీ ఉద్యోగం గియ్యడం కాదు. యంత్రం గీసినదాంట్లో మురికి తుడవడం.

"సార్, బోనాల పాట ఒకటి చేస్తున్నం. అంత మెషీన్‌తోనే. గీ డప్పు కొట్టేటాయన చిటికెనవేలు సూడుండ్రి. ఎన్నిసార్లు చెప్పినా మడుస్తలేదు. వేళ్ళన్నీ ముడిచి ఉండాలె అని రాసిన. తిట్టినట్టు కూడ రాసిన. మల్లా గట్లనే నిలబడ్తది. ఇది ఎట్ల సరిచెయ్యాలె సార్?"

ఫోను తీసుకుని చూశాను. ముఖం మల్లయ్యది కాదు. మీసం వేరే. బట్టలు వేరే, రంగులు మిఠాయి రంగులు. డప్పు కుడి భుజానికి ఉంది. సన్న పుల్ల కుడి చేతిలో ఉంది. దాని పక్కన చిటికెనవేలు నిటారుగా నిలబడి ఉంది.

ఫోను బల్లమీద పెట్టి, దాని పక్కన నా ఎడమ చెయ్యి పెట్టాను.

నవ్య ఫోను చూసింది, చెయ్యి చూసింది. మళ్ళీ ఫోను చూసింది. "సార్" అంది.

నాకు అప్పుడు వచ్చింది కోపం కాదు, సిగ్గు. ముప్ఫై ఏళ్ళ పని వాళ్ళకిచ్చాను. లింగంపల్లి ప్లాట్‌ఫారం మీద నేర్చుకున్న నడకలన్నీ ఇచ్చాను. అవన్నీ ఆ యంత్రం కడుపులో కరిగిపోయాయి. ఏది నాదో నేనే చెప్పలేను. సరిగ్గా గీసిన వేల బొమ్మల్లో ఒక్కటీ నాదని నిరూపించలేను. తప్పు గీసిన ఒక్కటే అరగకుండా మిగిలింది.

పుప్పాలగూడ

పాట టీజర్ అప్పటికే బయటికి వచ్చింది కాబట్టి నవ్య పేరు ఎత్తాల్సిన పని లేకపోయింది. యాదగిరిని తీసుకుని స్టూడియోకి వెళ్ళాను. అదిప్పుడు పుప్పాలగూడ వైపు అద్దాల భవనంలోకి మారింది. కింద నా ఫొటో తీసి చొక్కాకి విజిటర్ అని స్టిక్కర్ అంటించారు. యాదగిరి లిఫ్టు ముందు నిలబడి నేలవైపు చూపించాడు. "గీడ మా సీతాఫలం చెట్లుండె అన్నా. గిప్పుడు నాకే స్టిక్కర్ ఏస్తుండ్రు."

చక్రధర్ గారు నలభై నిమిషాలు బయట కూర్చోబెట్టి లోపలికి పిలిచారు. ఈసారి గురువుగారూ అనలేదు.

"మూర్తి గారూ, మెషీన్ ఎవరి దగ్గరా ఏమీ తీసుకోదండీ. చూసి నేర్చుకుంటుంది. మీరు కూడా ఎవరినో చూసే నేర్చుకున్నారు కదా?"

"నేర్చుకున్నాను. ఎవరి దగ్గరో పేర్లు చెబుతాను. నడక పరాంకుశం గారి దగ్గర. డప్పు ఈ యాదగిరి మామ దగ్గర. మీ యంత్రాన్ని కూడా పేర్లు చెప్పమనండి."

"వేలు అందరికీ ఉంటుందండీ. ఇది యాదృచ్ఛికం."

యాదగిరి కుర్చీలోంచి ముందుకి వంగాడు. "సార్, గా మాటకు అర్థం నాకు ఎర్కలేదు. డప్పు కుడి భుజానికేసి, సిర్ర ఎడమ చేతుల వెట్టి, చిటికెనవేలు లేపిన మొగోడు దునియల ఒక్కడే ఉన్నడు. గీయనే. నేను ఇరవై ఏండ్ల సంది తిడ్తనే ఉన్న."

నన్ను తిడుతూ నాకోసం సాక్ష్యం చెప్పిన మనిషి అతనొక్కడే.

చక్రధర్ గారు నవ్వారు. "పాత బొమ్మల హక్కులు కంపెనీవేనండీ. మీరు సంతకం పెట్టారు. అయినా మీ ఇబ్బంది అర్థమైంది. సరిచేయిస్తాను" అన్నారు. ఆ మాటతో లేచి వచ్చాం. పాట చివర నా పేరు వేయిస్తారనుకున్నాను. ఈ వయసులో కూడా నాకు బుద్ధి రాలేదు.

తిరగేసిన బొమ్మ

నాలుగు రోజులకి నవ్య ఫోన్ చేసింది. గొంతు తగ్గించి మాట్లాడుతోంది.

"సార్, ప్రతి ఫ్రేములో గా వేలు చేత్తోని తీసెయ్యమంటున్రు. రేపటికల్ల అయిపోవాలంట. నన్నే చెయ్యమన్నరు. నేను చెయ్యనంటె..."

మిగతాది చెప్పాల్సిన పనిలేదు. ఆ అమ్మాయి కిరాయి, తమ్ముడి చదువు, అన్నీ ఆ ఉద్యోగం మీదే. సరిచేయిస్తానంటే ఆయన అర్థం అది. వేలు పోతే నేనూ పోతాను.

చెయ్యనని చెప్పమనే మాట నోటిదాకా వచ్చింది. నా సాక్ష్యం అదొక్కటే. అప్పుడు యాదగిరి మామ టీ లేకుండా రెండు పూటలు కూర్చున్న బల్ల గుర్తొచ్చింది.

"నవ్యా, తీసెయ్యమ్మా. నీ ఉద్యోగం నీకు కావాలి. కాకపోతే ముందు ఇంకో పని చెయ్యి. డప్పాయన బొమ్మని అడ్డంగా తిరగెయ్యి."

ఒక్క మీట. నేను ఇరవై ఏళ్ళు చెయ్యనన్న పని ఒక్క మీట నొక్కితే అయిపోయింది.

"సార్, డప్పు ఎడమ భుజానికి వచ్చింది. సిర్ర కుడి చేతులకొచ్చింది. అంత సక్కగయ్యింది. వేలు ఎడమ చేతికి వచ్చింది సార్. గిప్పుడు అచ్చం మీ చెయ్యే."

"ఇంక తీసెయ్" అన్నాను.

బోనాలకి పాట వచ్చింది. యాదగిరి మా ఇంటికి వచ్చి నాతో కూర్చుని చూశాడు. డప్పు ఉండాల్సిన భుజానికే ఉంది. వేళ్ళన్నీ బుద్ధిగా ముడుచుకున్నాయి. "ఇగ మామకు నిమ్మళం" అన్నాడు. నేను అప్పుడు అతనికి క్షమాపణ చెప్పాను. "గిప్పుడా?" అని నవ్వి, టీ అడిగాడు. పాట చివర పేర్లు వచ్చాయి. యంత్రాన్ని నడిపినవాళ్ళ పేర్లు, యంత్రాన్ని కొన్నవాళ్ళ పేర్లు, చక్రధర్ గారి పేరు రెండుసార్లు. నాది లేదు. యాదగిరి మామది ఎప్పుడూ లేదు.

చక్రధర్ గారూ, ఇది అయిదో ఉత్తరం అనుకోండి. బొమ్మలు మీవే, ఒప్పుకున్నాను, సంతకం నాదే. కానీ ఆ సంతకం పెట్టిన చేతి వేలు కూడా మీదేనా? నేను చీటీలు రాసిచ్చిన పెట్టెలు యంత్రానికి తినిపించారా లేదా? తినిపించకపోతే ఆ వేలు ఎక్కడిది? ఎవరిదీ కానిదైతే ఒక ఆడపిల్లని కూర్చోబెట్టి ఎందుకు చెరిపించారు? బొమ్మలోంచి తీసేశారు గానీ అది ఇంకా నా చేతికే ఉంది, ఈ కాగితం పట్టుకున్నప్పుడు కూడా నిలబడే ఉంది. ఔనో కాదో ఒక్క మాట రాయండి. యంత్రం చేత రాయించకండి. మీ చేత్తో రాయండి.